ఎస్తేరమ్మ తల్లి నిలబడ్డ గడప

1946. వానలకు ముందటి రోజులు. నారాయణఖేడ్ బజారులో నాకో ఫోటో దుకాణం ఉండేది. కరెంటు లేదు. పైకప్పులో బిగించిన అద్దపు పలకల నుంచి దిగే ఎండే నా దీపం. మబ్బు పట్టిందంటే ఆ రోజు పని గోవిందా. అట్లా ఒక మబ్బు పూట చిరాకుగా ఈగలు తోలుకుంటుంటే, కంగ్టి దిక్కు నుంచి ఎస్తేరమ్మ అనే కూలి మనిషి వచ్చింది. ముప్పై ఏళ్ళ లోపే ఉంటుంది. పాత చీర ముక్కలో చుట్టి తెచ్చిన ఫోటో నా ముందు పెట్టింది.

"గీమె మా అమ్మ. జర పెద్దగ చేసియ్యి సాబ్."

దాన్ని మేము ఎన్లార్జ్‌మెంట్ అంటాం. కానీ పెద్దది చేయడానికి అందులో ఏముంది గనక? రాతి అరుగు మీద ప్రార్థన గుడి, దాని ముందు వరసగా మనుషులు, గుడికి అటొకటి ఇటొకటి మట్టి ఇళ్ళు. కుడి పక్క ఇంటి గడపలో చంటిపిల్లను ఎత్తుకున్న ఆడమనిషి. ముఖం జొన్నగింజంత.

"ఆ పిల్ల ఎవరు?" అన్నాను.

"నేనే. మిషన్ దొర దీసిండట. ఆ యేడే గత్తరొచ్చి అమ్మ పోయింది. మోస్తందుకు నలుగురు దొరకక నాయన ఇంట్లనే బొంద పెట్టిండట. మా మేనత్త చెప్పేది. నాయన గూడ జల్దీనే పోయిండు."

గత్తర అంటే కలరా. దానికి భయపడి ఆ ఊరు ఊరే లేచిపోయింది. ఇప్పుడక్కడ గుడి అరుగు తప్ప ఏమీ మిగల్లేదు. ఎస్తేరమ్మ ఈ ఫోటో పట్టుకునే ఇంటి జాగా గుర్తుపట్టి, ఏటా వెళ్ళి కూర్చుని వస్తోంది.

"వాన పడంగనే పటేలు గా నేల దున్నుతడట. బతిమిలాడితే అమ్మ ఉన్న జాగ విడిచిపెడ్తనన్నడు. చుట్టు కంప నాటొచ్చిన," అంది.

భూతద్దం తీసి ఫోటో మీద వంగాను. ముఖాలు వెలిసిపోయాయి గానీ బట్టలు బాగానే ఉన్నాయి. ముందు నిలబడ్డ పాస్టరు కోటు గుండీలు మగవాళ్ళకు ఉండే కుడి వైపు కాక, ఆడవాళ్ళ రవికకు కుట్టినట్టు ఎడమ వైపు ఉన్నాయి. దర్జీ ఎవడో తలమాసినవాడు అనుకున్నాను. ఆ పక్కన ముగ్గురు కొడవళ్ళు పట్టుకున్నారు. ముగ్గురూ ఎడమ చేత్తోనే. ఒక్క వరసలో అంతమంది పుర్రచేతివాళ్ళా? అప్పుడు తట్టింది అసలు సంగతి.

ఆ కాలపు నెగెటివ్ గాజు ప్లేటు. దానికి మందు పూసిన వైపే కాగితాన్ని ఆనాలి. తిరగేసి అచ్చు వేస్తే కుడి ఎడమవుతుంది. ఎవరో తిరగేసి వేశారు.

గిరాకీలు తల దువ్వుకునే అద్దం ముందు ఫోటో పట్టుకుని చూపించాను. కొడవళ్ళు కుడి చేతుల్లోకి వచ్చాయి. ఇల్లు ఎడమకు వెళ్ళింది. ఎస్తేరమ్మ అవేవీ చూడలేదు.

"మా అమ్మ గిట్ల ఉంటుండెనా? ఇన్నేండ్లు సక్కగ సూడనే లేదు గద నేను," అంటూ అద్దంలోని ఆ గింజంత ముఖాన్ని వేలితో తడిమింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది: "అంటే కంప నాటిన కాడ అమ్మ లేదా?"

"లేదమ్మా. అరుగుకు అవతలి పక్కన ఉన్నది."

పైన ఉరుముతోంది. మర్నాడే దుకాణం మూసి, ఎస్తేరమ్మతో ఆ ఊరి జాగాకు బండి కట్టించాను. నాగలి ఇంకా దిగలేదు.

పటేలు నవ్వాడు. "ఏంది ఎస్తేరూ, మొన్న గీ పక్క అంటివి, ఇయాల గా పక్క అంటున్నవు. రేపు యాడ అంటవు?"

ఫోటో చూపించి గుండీల సంగతి చెప్పాను. తన అంగీ గుండీలు తడుముకుని చూసుకున్నాడు. "సరే తియ్యి. గీ కంప పీకి గాడ నాటుకో."

పాత ఫోటో చేతికొస్తే ముఖాలు చూసి మురిసిపోకూడదని, ముందు గుండీలు చూడాలని ఆ పనిలో నేర్చుకున్నాను. వృత్తి నేర్పింది అంతే. మిగతాది ఎస్తేరమ్మ నేర్పింది. తల్లి ఉన్న జాగా దొరికినా, ఆమె పాత కంప దగ్గర నుంచి కదల్లేదు.

"దీన్ని పీకొద్దు పటేలా. గీ ఇంట్ల గూడ ఎవరో పోయే ఉంటరు. ఇన్నేండ్లు నా ఏడ్పు విన్నది గీడున్నామెనే. ఎవరి అమ్మనో ఏమో, ఆమెను గూడ ఉండనియ్యి."