మూడు రాళ్లు, ఒక తుమ్మకొమ్మ

ఎనభైల్లో మా అమృతలూరు వైపు రోడ్డు మీద బండి ఆగిపోతే, వెనక వచ్చేవాళ్లను కాపాడటానికి ఒకటే శాస్త్రం ఉండేది. బండికి నాలుగడుగుల వెనక మూడు రాళ్లు, ఒక తుమ్మకొమ్మ. ఆపైన ఎవరొచ్చి గుద్దుకున్నా వాళ్ల కర్మ. ఈ శాస్త్రంలో మా నాన్నను మించిన పండితుడు లేడు.

ఆయన ట్రాక్టరు ట్రక్కుకు వెనక దీపం లేదు. చూడలేక తెనాలిలో రెండు ఎర్రబిళ్లలు కొనుక్కొచ్చాను, లైటు పడితే మెరిసేవి. ఆయన వాటిని ట్రాక్టరు ముందు భాగాన బిగించాడు.

"వెనక పెట్టాలి నాన్నా."

"వెనక ఎవడు చూస్తాడ్రా? ముందైతే అందంగా ఉంటాయి."

వెనక వచ్చేవాడు చూడాలనే కదా అని అరిచాను. నా గొంతు పోయిందే తప్ప బిళ్లలు కదల్లేదు.

ఆ పుష్యమాసంలో మా డ్రైవరు ధాన్యం బస్తాలతో తెనాలి వెళ్తుంటే, ఊరు దాటి రెండు మైళ్లు పోయాక ట్రక్కు ఇరుసు విరిగింది. సాయంత్రం అతను ఇంటికొచ్చి, బండి కాలవ వంతెన ఇవతలే ఆగిపోయిందని చెప్పాడు.

"రాళ్లు పెట్టావా?" అన్నాడు నాన్న.

"పెట్టానండి. కొమ్మ కూడా వేశానండి."

ఇంకేం, నాన్న కడుపునిండా తిని పడుకున్నాడు.

మర్నాడు ఏడింటికి మెకానిక్ కోసం నా స్కూటరు మీద ఇద్దరం తెనాలి బయల్దేరాం. మంచు దట్టంగా పట్టి, పది గజాల అవతల ఏముందో తెలియడం లేదు. నెమ్మదిగా పోతుంటే నాన్న వెనక నుంచి భుజం మీద కొట్టాడు.

"ఏంట్రా ఈ నత్తనడక? మన బండి వంతెన అవతల ఉంది. పోనీ."

"ఇవతలన్నాడు నాన్నా."

"నాకు చెప్తావేంట్రా?"

సణుగుడు భరించలేక వేగం పెంచాను. కొమ్మ కనపడింది. కనపడేసరికే రాయి ఎక్కేశాం. నేను గడ్డిలో పడ్డాను. ఆయన ఎగిరిపడితే మోకాలు ట్రక్కుకు కొట్టుకుంది.

ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకూ నాన్న చెప్పేది ఒకటే కథ.

"మావాడికి దూకుడెక్కువండి. కొమ్మ వేసుందండి, అయినా చూసుకోలేదు."

వాళ్లు తలలూపి నన్ను చూసేవారు. నాకు ఒళ్లు మండేది.

కట్టు విప్పాక మోకాలు మళ్లీ మడతపడలేదు. పొలం గట్టు దిగలేని రైతయ్యాడు. ఉన్నన్నాళ్లూ తప్పు నీదేరా అన్నాడు. నేను కాదనలేదు. బండి ఇవతలే ఉందని తెలిసి కూడా, ఆయన నోరు మూయించడానికి వేగం పెంచింది నేనే.