పక్క మంచం ఇంజెక్షన్

ఈ సంగతి నేను ఎప్పుడు ఎత్తినా ఎదుటివాళ్లు మాట మార్చేవారు. ఇప్పటిదాకా ఒక్కరూ చివరిదాకా వినలేదు. విసిగిపోయి రాస్తున్నాను.

ఎనభైల్లో, పత్తికి పురుగుమందు కొట్టే రోజులు. ఆయాసంతో ఉన్న మా అమ్మను ఒంగోలులో ఒక ఆసుపత్రిలో చేర్చాను. ఆమె మంచం సరిగ్గా ఫ్యాను కింద పడింది. గాలి తగిలితే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. పక్క మంచం మీద చక్కెర జబ్బుతో ఉన్న పెద్దావిడ ఉక్కకు ఆగలేక, "అమ్మాయ్, నువ్విటు రా, నేనటు పోతా. నీకు గాలి పడదు, నాకది లేకపోతే ప్రాణం పోతంది" అంది. ఇద్దరూ మారారు. ఆ వార్డులో అందరూ అలా మారేవారే. సిస్టర్లు మాత్రం మంచం నంబరు చూసి మందులిచ్చేవారు.

మర్నాడు పొద్దున వార్డు మొత్తానికి ఒకే సిస్టర్. పెద్దావిడకని ఇన్సులిన్ సిరంజిలోకి తీస్తుండగా, మందు కొట్టిన చేలో పడిపోయిన కూలీ మనిషిని మోసుకొచ్చారు. సిరంజి ట్రేలో పెట్టి అటు పరిగెత్తింది. తిరిగొస్తుంటే చాకలి దుప్పట్లు లెక్క చూసుకోమన్నాడు. అదీ ఆమె పనే. అంతలో పెద్ద డాక్టరు గారు వచ్చారు.

"ఇంకా ఇంజెక్షన్లు కాలేదా? ఏం చేస్తున్నారమ్మా పొద్దుటినుంచీ?"

సిస్టర్ గబగబా వచ్చి పెద్దావిడ నంబరు మంచం మీదున్న మా అమ్మకు ఆ సూది పొడిచింది.

కాసేపటికి అమ్మకు చెమటలు పట్టాయి. మాట తడబడింది. కళ్లు తేలేసింది. పెద్దావిడ లేచి కూర్చుని అరిచింది. "ఓ సిస్టరమ్మా! నా సూది ఆమెకేశావేంది? నాకింకా వెయ్యలేదు!"

సిస్టర్ ఏడుస్తూనే నరానికి గ్లూకోజు ఎక్కించింది. అమ్మ కళ్లు తెరిచింది. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్లూ సూదికి చెయ్యి చాపలేదు. ఊపిరాడకపోయినా ఆసుపత్రికి రానంది.

డాక్టరు గారిని అడిగాను. "మంచాలు మార్చుకోమని ఎవరు చెప్పారయ్యా? పల్లెటూరి బుద్ధులు! బతికిందిగా, తీసుకుపో" అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు.

సిస్టర్‌ను ఆ వార్డు నుంచి తీసేశారు. ఆమె చోట వచ్చినావిడా ఒక్కతే. ఒకరికి మందు పోస్తుంటే ఇంకొకరు పిలుస్తున్నారు.

తప్పు మనిషికి మందు వేసింది సిస్టరే, కాదనను. అంతమంది ప్రాణాలను ఒక్క మనిషి చేతిలో పెట్టి, ఆమెను నాలుగు వైపులా లాగినవాళ్లు ఎవరు? ఆ ఆసుపత్రిలో అప్పుడు పెత్తనం చేసినవాళ్లలో ఎవరున్నా సరే, మంచాల సంగతి వదిలి, దీనికి జవాబు చెప్పండి.