బాత్రూం స్లాబులో దీపాలు

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. ఉప్పల్లో మేము అద్దెకున్న వాటాకి బాత్రూం బయట, బట్టలుతికే బండ పక్కన ఉండేది. తలుపు మీద ఒక జీరో బల్బు. అది వెలుగుతోందో లేదో చూడాలంటే ఇంకో దీపం పట్టుకెళ్లాలి. ఆ వెలుతురులోనే మా ఆవిడ చెంబు కోసం చెయ్యి చాస్తే తేలు కుట్టింది. విషం మర్నాటికి దిగింది గాని భయం దిగలేదు. ఆ తర్వాత ఆవిడ స్నానం చేసినంతసేపూ నేను తలుపు బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాల్సిందే. మాట ఆపితే చాలు, "ఏవండీ, ఉన్నారా?" అని కంగారుపడేది. ఆఫీసు సంగతులు, కూరగాయల ధరలు అయిపోయాక బస్సు నంబర్లు కూడా ఏకరువు పెట్టేవాణ్ణి. విసుక్కున్న రోజులూ లేకపోలేదు.

చివరికి నాచారంలో ఇల్లు మొదలుపెట్టాం. హాలు, వంటగది ఎలా ఉన్నా ఆవిడకి పట్టలేదు. ఒకటే కోరింది: బాత్రూంలో నాలుగు మూలలూ కనపడాలి. గోడకి లైటు పెడితే మన నీడే మూలలో పడుతుంది. వేలాడదీస్తే నీళ్లు పడతాయి. అందుకని స్లాబులోనే గుంటలు వదిలి, లైట్లు లోపలికి కూర్చోబెడదామనుకున్నాం.

"గింత బాత్రూంకు గన్ని లైట్లేంది సార్? సినిమా గిట్ల తీస్తరా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. లైట్లు కూర్చునే రెండు రేకు డబ్బాలు తెచ్చి, కాంక్రీటు దూరకుండా వాటిలో గుడ్డలు కూరమన్నాడు. మా ఆవిడ తన పాత ఆకుపచ్చ చీర చింపి, తనే కూర్చుని కూరింది. అతను వాటిని సెంట్రింగు చెక్కల మీద బోర్లించి వైర్ల పైపులు కలిపాడు. మర్నాడు స్లాబు పోశారు.

సెంట్రింగు విప్పాక వెళ్లి చూస్తే బాత్రూం కప్పు నున్నగా ఉంది. డబ్బాల జాడే లేదు. ఆవిడ మెడ నొప్పెట్టేదాకా పైకే చూసింది. "పోనీలెండి, గోడకే పెట్టించండి," అంది. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఆవిడ పోట్లాడితే నేనూ పోట్లాడగలను గాని, సర్దుకుపోతే ఏం చెయ్యాలో తోచదు. కోపమంతా ఎలక్ట్రీషియన్ మీద చూపించాను.

"జర ఆగుండ్రి సార్. యాడికి పోతయ్? సిమెంటు నీళ్లు కారి మూసుకపోయుంటయ్," అంటూ అతను నిచ్చెనెక్కి, సుత్తి పిడితో కప్పంతా తట్టుకుంటూ పోయాడు. ఒకచోట డొల్లగా మోగింది. ఉలితో నాలుగు దెబ్బలు వేసేసరికి పెచ్చు ఊడి, ఆకుపచ్చ గుడ్డ కిందికి వేలాడింది. "అమ్మా, నీ చీరేనా సూడు!" మా ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. రెండోది దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు.

గృహప్రవేశమైన మర్నాడు ఆ రెండు లైట్లూ వేసుకుని ఆవిడ స్నానానికి వెళ్లింది. నేను అలవాటుగా తలుపు దగ్గర నిలబడి మాటలు మొదలుపెట్టాను. "ఇంక అక్కర్లేదండీ, వెళ్లి కాఫీ తాగండి," అంది లోపల్నుంచి. ఇన్నేళ్లూ విసుక్కున్నవాణ్ణే, తీరా వెళ్లమంటే చిన్నబుచ్చుకున్నాను. గ్లాసు పట్టుకుని హాల్లో కూర్చున్నాను.

కాసేపటికి నీళ్ల చప్పుడు మధ్య సన్నగా పాట వినిపించింది. ఆవిడ పాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. మెల్లిగా లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. నేనున్నానని తెలిస్తే ఆపేస్తుందేమోనని నోరు మెదపకుండా నిలబడ్డాను.