ఇంటర్లో మాథ్స్ ఉందా?

జూన్ వచ్చిందంటే నారాయణగూడ చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీల వాసన గుప్పుమంటుంది. వాన వెలిసిన పొద్దున స్కూటీ మీద అటుగా వెళ్తుంటే ఆ రంగుల ఘాటు ముక్కులోకి దూరి తల దిమ్మెక్కుతుంది. పైన కాలేజీ పేరు, కింద వరసగా నవ్వుతున్న పిల్లల మొహాలు, ఒక్కో మొహం కింద మార్కులు. ఆ వరసలో లేని పిల్లలు ఏమయ్యారని ఎవరూ అడగరు. నేను ఆ లేని పిల్లల్లో ఒకదాన్ని. నన్ను పక్కకు జరిపింది రాఘవులు సార్. కోపంతోనైనా సరే, ఆయన్ని తలచుకోకుండా ఆ చౌరస్తా దాటడం ఇప్పటికీ నా వల్ల కాదు.

మా నాన్న పాలమూరు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. చిక్కడపల్లి సందుల్లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. పదో తరగతిలో మా సర్కారు బడికి ఎవరో పాత కంప్యూటర్లు ఇచ్చారు. నేర్పడానికి వచ్చిన అక్క నాతో ఒక చిన్న ప్రోగ్రామ్ రాయించింది. నేను రాసిన మూడు ముక్కలకు తెర నిండా నా పేరు వచ్చేసరికి నాకు పిచ్చెక్కినట్టయింది. చదివితే కంప్యూటర్ సైన్సే చదవాలని ఆ రోజే అనుకున్నాను. అందుకే ఇంటర్‌లో ఎంపీసీలో చేరాను. అక్కడ లెక్కలు చెప్పేది రాఘవులు సార్.

ఆయన్ని చూడనివాళ్లకు ఎలా చెప్పను? గొంతు పెంచడం ఆయనకు తెలియదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు క్లాసులో ఆ ఇంగ్లిష్ మాటలు ఒక్కటీ ఎక్కేవి కావు. సాయంత్రం అందరూ వెళ్లాక స్టాఫ్ రూమ్ బయట బెంచీ మీద కూర్చోబెట్టి అదే లెక్క మళ్లీ తెలుగులో చెప్పేవారు. తప్పు చేసి ఏడుపు మొహం పెడితే, "తప్పుకు గింత భయమేంది బిడ్డా? మీరందరు కరెక్ట్ జేస్తే నాకు నౌకరీ ఎవడిస్తడు?" అని నవ్వించేవారు. నిజం చెప్తున్నాను, ఆయనంటే నాకు ప్రాణం. అర్థమైనా కాకపోయినా ఆయన చెప్తుంటే వినాలనిపించేది.

మా కాలేజీలో ఒక రివాజు ఉండేది. ఫస్టియర్ దసరా సెలవులకు ముందు పెట్టే పరీక్షలో లెక్కలు తప్పినవాళ్లను బోర్డు పరీక్షల దాకా రానిచ్చేవాళ్లు కాదు. తల్లిదండ్రులను పిలిపించి, నచ్చజెప్పి, లెక్కలు లేని గ్రూపులోకి మార్పించేవాళ్లు. నూటికి నూరు శాతం పాస్ అని ఫ్లెక్సీ మీద రాసుకోవాలి కదా! నేను ఆ పరీక్ష తప్పాను. నాన్న పని మధ్యలో, చేతులకు సిమెంటుతోనే వచ్చాడు. సార్ ఆయనకు కుర్చీ చూపించారు.

"పిల్ల తెలివిగల్లదే అన్నా. గని ఈ లెక్కలు బరువైతున్నయ్. సీఈసీల ఏద్దాం. మంచి మార్కులతోని పాసైతది."

"మరి కంప్యూటర్ సదువు సదువుతనంటది గద సార్?" అన్నాడు నాన్న.

"బీకాంల కంప్యూటర్స్ ఉంటది. అది అయినంక ఎంసీఏ జేస్తది. ఎట్ల పోయినా ఆడికే గదా పోయేది."

"ఇంకొక్క పరీక్ష దాకా చూడుండ్రి సార్, నేర్చుకుంట" అని బతిమాలాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "పరేషాన్ గాకు బిడ్డా, నీ మంచికే చెప్తున్న" అన్నారు. ఇంటికి వస్తూ దారి పొడుగునా నాన్నకు ఒకటే మురిపెం. "గంత పెద్ద సారు నన్ను అన్నా అని పిల్సిండు, సూసినవా?" అన్నాడు.

సీఈసీ పాసై బీకాం కంప్యూటర్స్‌లో చేరాను. ప్రోగ్రామింగ్ పేపర్లలో క్లాసులో నాదే మొదటి స్థానం. ఎంసీఏ ఎంట్రెన్స్‌లో మంచి ర్యాంకే వచ్చింది. సర్టిఫికెట్లు చూసే రోజున నాన్న పని మానుకుని, కొత్త అంగీ వేసుకుని నాతో వచ్చి బయట నిలబడ్డాడు. లోపల బల్ల దగ్గరున్న మేడమ్ తల కూడా ఎత్తలేదు.

"ఇంటర్లో మాథ్స్ ఉందా?"

"లేదు మేడమ్."

"డిగ్రీలో?"

"కంప్యూటర్స్ ఉంది మేడమ్."

"కంప్యూటర్స్ కాదమ్మా. మాథ్స్ ఉంటేనే సీటు. రూల్స్ చదవకుండా ఎట్లా వస్తారు మీరంతా?"

నా కాగితాలు నా చేతిలో పెట్టి వెనకున్న అమ్మాయిని పిలిచింది. బయటికి వచ్చి నాన్నకు చెప్పాను. "సారుకు గూడ తెల్వకపోయుంటది బిడ్డా" అన్నాడు. నేనూ ఆ మాటనే పట్టుకుని ఇన్నేళ్లు బతికాను. తెలియక చేసినదానికి ఎవరినేం అంటాం?

ఇప్పుడు అశోక్ నగర్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. నౌకరీలకూ ఎంట్రెన్స్‌లకూ పిల్లల దరఖాస్తులు నింపడం నా పని. పొద్దంతా కంప్యూటర్ ముందే ఉంటాను. చూశారా, కోరిక ఎంత చక్కగా తీరిందో!

పోయిన ఎండాకాలం రాఘవులు సార్ మా సెంటర్‌కు వచ్చారు. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది. "మన పిల్లవే గద నువ్వు!" అని గుర్తుపట్టి సంబరపడ్డారు. పక్కన ఆయన కూతురు. ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్‌కు దరఖాస్తు చెయ్యాలట. సిగ్గులేని మనసు నాది, ఆయన్ని చూడగానే సంతోషపడ్డాను. కుర్చీలు వేసి చాయ్ తెప్పించాను. నేను వివరాలు కొడుతుంటే ఆయన కబుర్లు చెప్తున్నారు.

"మా పిల్లకు లెక్కలంటే పగనే అనుకో. ఫస్టియర్‌ల రెండు పేపర్లు పోయినయ్. సప్లిమెంటరీల ఎట్లనో గట్టెక్కింది."

"మరి గ్రూపు మార్చలేదా సార్?"

"మార్చుడేంది!" అని నవ్వారు. "ఇంటర్‌ల మాథ్స్ లేకుంటే కంప్యూటర్ సైన్స్‌కు ఎవడు రానిస్తడు? ఎంసీఏకు గూడ పనికిరాదు. ఫెయిలైనా మంచిదే, ఎంపీసీ ఇడువద్దన్న."

కీబోర్డు మీద నా వేళ్లు ఆగిపోయాయి.

"ఈ సంగతి అప్పుడు గూడ తెల్సా సార్ మీకు?"

అప్పటికి గాని తానేం అన్నారో ఆయనకు తట్టలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. కూతురు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. తర్వాత ఆయన, వెనకటిలాగే మెత్తగా అన్నారు.

"నువ్వు అడగలె గద బిడ్డా."

లేచి వెళ్లిపొమ్మందామనుకున్నాను. కానీ ఆ పిల్ల ఏం చేసింది? దరఖాస్తు ఒక్క తప్పు లేకుండా నింపి, రెండుసార్లు సరిచూసి చేతిలో పెట్టాను. సార్ వెళ్తూ, బాగుండు బిడ్డా అన్నారు. సారుకు అప్పుడే తెలుసన్న సంగతి నాన్నకు ఇంతవరకూ చెప్పలేదు. ఆయన్నైనా ఆ సారును గౌరవించుకోనీ.

అప్పటి నుంచి నా ముందు ఎవరు కూర్చున్నా, పేరు కొట్టకముందే ఆ చదువుకు ఏమేం ఉండాలో పైకి చదివి వినిపిస్తున్నాను. ఇంటర్‌కు వచ్చిన పిల్లలకైతే ఏ గ్రూపు తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుందో కూడా చెబుతాను. విసుక్కుంటారు. "మాకెర్కనే అక్కా, జల్దీ కొట్టు" అంటారు. ఎరుకైనా వినాల్సిందే అంటాను. పదిహేనేళ్ల పిల్లకు ఏం అడగాలో ఎలా తెలుస్తుంది? అడగకపోయినా చెప్పాలి. అది సార్ చెయ్యాల్సిన పని. ఇప్పుడు నేను చేస్తున్నాను.