తలుపులు తెరిచాక నడిచిన బొమ్మ

పోయిన వారం మా మనవరాలు నా కళ్ళజోడు తుడిచి చేతికిచ్చి, తన ఫోనులో ఒక పాత కరాటే సినిమా పెట్టి చూడమంది. ఎప్పుడో వంటింట్లో మాటల సందర్భంలో నేను ఆ కథ చెబితే, ఆ ముక్కా ఈ ముక్కా పట్టుకుని ఎట్లాగో వెతికి తీసిందట. అంతసేపు సినిమా చూసే ఓపిక లేక, నేను దాని కింద దేశదేశాల జనం రాసిన అభిప్రాయాలు ఆ పిల్ల చేత చదివించుకుని అర్థం చెప్పించుకుంటూ కూర్చున్నాను. ఇప్పటి వాళ్ళను తాళ్ళు కట్టి ఎగరేస్తారు, ఆ రోజుల్లో వీళ్ళు నిజంగా ఎగిరారు అన్నాడొకాయన. పిడికిలి తగలకముందే దెబ్బ చప్పుడు వినబడుతోందని నవ్వాడు ఇంకొకాయన. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూశానని రాసుకున్నాడు మరొకాయన. ఎవరికి తోచింది వాళ్ళు రాసి తమ దారిన తాము పోయారు, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మా మార్కాపురంలో మాత్రం ఈ సినిమా బాగుందని అనడం కూడా ఒక మనిషిని చావు వైపు ఒక అడుగు నెట్టడమే అయింది కొన్నాళ్ళు.

మా తాలూకాలను కర్నూలు నుంచి విడదీసి కొత్త జిల్లాలో కలిపిన తర్వాతి కాలం అది. మా ముసలివాళ్ళు ఇంకా జిల్లా కచేరీ అంటే కర్నూలనే అనేవాళ్ళు. నాకు తర్లుపాడు దగ్గర బడిలో ఉద్యోగం వచ్చి, మార్కాపురంలో అక్కా బావల ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో వెళ్ళి వస్తుండేదాన్ని. బావ వాళ్ళది సేద్యగాళ్ళ కుటుంబం. పొలం కౌలుకిచ్చి, టౌనులో పలకల వ్యాపారం పెట్టుకున్నాడు. ఇంటి వెనక కొట్టంలో కోసిన పలకలకు చెక్క చట్రాలు బిగించేవాళ్ళు. ఆ నల్లటి పొడి మా కంచాల మీదా, ఆరేసిన చీరల మీదా ఎప్పుడూ పడుతూనే ఉండేది. అక్క తిట్టుకుంటూ తుడిచేది, నేను తుడవడం ఎప్పుడో మానేశాను.

ఆ ఇంట్లో మగవాళ్ళ గురించి పెళ్ళికి ముందే మా నాయనకు ఎవరో చెవిలో వేశారట, కానీ సంబంధం మంచిదని ఆయన వినలేదు. బావ తాతను ఒక బావి నీళ్ళ తగాదాలో నరికేశారు. బావ చిన్నతనంలోనే, అదే బావి మీద, ఆయన తండ్రినీ నరికేశారు. నరికినవాడు పరాయివాడేం కాదు, పై చేను గలాయన, బావకు వరసకు పెదనాయన. శిక్ష పడి జైలుకు పోయిన ఆ పెద్దాయన, అక్క పెళ్ళయిన మరుసటి ఏడే తిరిగి వచ్చాడు. వచ్చి, ఏమీ జరగనట్టే పై చేనులో కంది వేసుకున్నాడు. మా అక్క అత్తగారు ఆ కబురు విని, చెరుగుతున్న చేట కిందపెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె ఆ విషయం ఒక్క మాట కూడా ఎత్తలేదు. మాకు అదే భయంగా ఉండేది.

సరిగ్గా ఆ ఏడు శ్రావణంలోనే, బస్టాండు వెనక రేకుల టాకీసులోకి ఈ సినిమా వచ్చింది. పోస్టరు మీది ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగలేదు, అందరూ కరాటే సినిమా అనే అన్నారు. అందులో మాట ఒక్కటి మనకు అర్థం కాదు, అయినా అర్థం కానిది ఏముంది గనక. పిల్లవాడి కళ్ళ ముందే తండ్రిని ఒక పెద్దమనిషి చంపుతాడు. పిల్లవాడు కొండ మీది గుడికి చేరి, బాన నిండా ఇసుక పోసుకుని వేళ్ళతో పొడుస్తూ, నీళ్ళ కావిళ్ళు మోస్తూ, నోరు తెరవకుండా ఏళ్ళకేళ్ళు సాధన చేసి, మీసాలు వచ్చాక దిగివచ్చి ఆ పెద్దమనిషిని ఉత్త చేతులతో చంపుతాడు. ఊళ్ళో కుర్రకారు పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. మరే ఊళ్ళో అయినా ఇటుకలు వెతుక్కోవాలి గానీ మా ఊళ్ళో పలకలకు కరువా, ప్రతి కొట్టం వెనకా పేర్చిన పలకలను అరచేతి అంచుతో కొట్టి విరగ్గొట్టడం, నెత్తురు కారితే గుడ్డ చుట్టుకుని తిరగడం మొదలైంది. అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళమే.

కానీ సినిమా మీద ఊరి అభిప్రాయం మెల్లగా ఒక మనిషి వైపు తిరిగింది. మంగలి షాపులో బావ కూర్చుంటే, పక్కవాడు అద్దంలో చూస్తూ, కొడుకంటే ఆ సినిమాలో కొడుకే అనేవాడు. టీ బంకు దగ్గర ఎవరో, చైనావాడికున్న పౌరుషం మనవాళ్ళకేడుందిలే అనేవాడు, బావ వెళ్ళే దాకా ఆగి కాదు, బావకు వినబడేట్టుగా. నేనెక్కే తర్లుపాడు బస్సులో కూడా అదే ముచ్చట. పంతులమ్మా, మీ బావ చూసినాడా ఆ సినిమా, అని నన్నే అడిగేవాళ్ళు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది నాకు. వాళ్ళకేం పోయింది, ఒకరు ఉరికంబం ఎక్కితే చూసి, ఇంకొకరికి పాడె కడితే చూసి, ఇంటికి పోయి అన్నం తినేవాళ్ళే గదా.

ఒకరోజు ఫస్టు షోకు బావ మమ్మల్ని కూడా తీసుకువెళ్ళాడు. ఆయన అప్పటికే చాలాసార్లు చూశాడు. ఆయన బెంచీలో, అక్కా నేనూ అడ్డగోడకు ఇవతల ఆడవాళ్ళ వైపు. బొమ్మ పడిన కాసేపటికి, తెల్ల పంచె కట్టుకుని చేతికర్రతో పై చేను పెద్దాయన వచ్చి కుర్చీ క్లాసులో కూర్చున్నాడు. అంతే, ఈలలు ఆగిపోయాయి. ఆ తర్వాత తెర మీద ఏం జరిగిందో ఎవరూ చూడలేదు, హాలు హాలంతా ఒకసారి బెంచీ వైపు, ఒకసారి కుర్చీ వైపు చూస్తూనే ఉంది. చివర్లో తెర మీది పెద్దమనిషి నేలకొరిగే వేళకు జనం ఒక్కసారిగా లేచి, కుర్చీ వైపు తిరిగి మరీ చప్పట్లు కొట్టారు. గేటువాళ్ళు తలుపులు బార్లా తెరిచారు. అక్క నా రెక్క పట్టుకుని, బావను అందుకోవాలని, జనాన్ని తోసుకుంటూ బయటికి ఈడ్చుకుపోయింది.

గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. పెద్దాయన తాపీగా నడిచి వచ్చి ఆయన ముందు ఆగాడు. చుట్టూ ఉన్న వాళ్ళు వెనక్కి జరిగి చోటిచ్చారు.

"సినిమా బాగుంది నాయనా. నువ్వెన్నిసార్లు చూసినావు?" అన్నాడు.

పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి తెల్లవారక ముందే కొట్టంలో పలకలు విరిగే చప్పుడు వినబడేది. టప్పున ఒకటి, కాసేపాగి ఇంకొకటి. కుర్రవాళ్ళ లాగా కేకలు లేవు, ఉత్త చప్పుడే. పగలు బావ మరీ మంచివాడైపోయాడు. కొట్టంలో పనివాళ్ళ మీద కసురుకోవడం మానేశాడు, అక్క ఏది వండితే అది మెచ్చుకుని తినేవాడు, వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఊరికే ఆమె ముఖం చూసేవాడు. అక్కకు అప్పుడు మూడో నెల. ఒకనాడు ఉన్నట్టుండి, కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండిరా, నేనే వచ్చి తీసుకొస్తాను అన్నాడు. మూడో నెలలో పుట్టింటికి పంపడం ఏ ఊళ్ళో పద్ధతి? అక్క బట్టలు సర్దలేదు. పొయ్యి ముందు కూర్చుని, పొగ వల్ల అన్నట్టుగా ముఖం తుడుచుకుంటూనే ఉంది. తిట్టే మనిషిని ఆపవచ్చు, అలిగే మనిషిని బతిమాలవచ్చు, అంత శాంతంగా సెలవు తీసుకుంటున్న మనిషిని ఎట్లా ఆపాలో మా ఇద్దరికీ తెలియలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తగారు చీర మార్చుకుని వచ్చి, పోదాం పాండి, ఆ సినిమా ఏందో నేను గూడ జూస్తా అంది. భర్త పోయాక ఆమె టాకీసు గడప తొక్కింది లేదు. ఈమె కూడా చూసి, ఈమె కూడా మెచ్చుకుంటే ఇంక ఆపేదెవరు? కాదనే ధైర్యం లేక ఇద్దరం వెంట వెళ్ళాం.

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెప్ప వేయకుండా చూసింది. తెర మీద తండ్రి చనిపోయినప్పుడు కూడా కదలలేదు. చివరికి పెద్దమనిషి కూలిపోగానే ఎప్పటిలాగే మగవాళ్ళు లేచి అరుపులు పెట్టారు, వాళ్ళ వైపు తలుపులు తెరుచుకుని ఎండ లోపలికి పడింది, తెర మీద బొమ్మ వెలిసిన గుడ్డలాగా పాలిపోయింది. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన ఆడవాళ్ళు తొక్కిసలాటలో పడకూడదని, మగవాళ్ళంతా వెళ్ళేదాకా కూర్చునే ఉండేవాళ్ళం. అట్లా కూర్చున్నందువల్ల మాకు కనిపించింది, బొమ్మ ఇంకా నడుస్తూనే ఉందని. చచ్చిపోయిన పెద్దమనిషి ఇంట్లోంచి ఒక చిన్న ఆడపిల్ల వాకిట్లోకి వచ్చింది. తండ్రిని చూసింది. తర్వాత చంపినవాడిని చూసింది. చూస్తూనే ఉంది, చాలాసేపు. అంతటితో అయిపోయింది.

ఇంటికి వచ్చాక అత్తగారు, అన్నం తింటున్న కొడుకు ఎదురుగా చతికిలబడి కూర్చుంది.

"ఆ పిల్ల ఏడవలేదేందిరా?" అంది.

"ఏ పిల్ల?"

"కడాకు వచ్చిందే, సచ్చినోడి బిడ్డ."

బావ నవ్వబోయి ఆగాడు. ఆ సినిమాల పిల్లే లేదమ్మా, నేనెన్నిసార్లు జూసినానో నాకు తెల్దా, అన్నాడు. ఉందని అక్క అంది. నేనూ ఉందన్నాను. ముగ్గురూ కూడబలుక్కుని కట్టుకథ చెబుతున్నారని ఆయనకు కోపం వచ్చింది. చాన్నాళ్ళకు ఆయన కోప్పడటం చూసి నాకు కాస్త ఊపిరి ఆడినట్టయింది.

మర్నాడు నేను బడికి సెలవు పెట్టాను. అత్తగారు మ్యాట్నీకి కొడుకును వెంటబెట్టుకు వెళ్ళి, ఆడవాళ్ళ వైపు రాకుండా, మగవాళ్ళ బెంచీ మీదే ఆయన పక్కన కూర్చుంది. ఆ వయసు మనిషి అట్లా కూర్చోవడం మా ఊరు ఎరగదు. జనం వింతగా చూశారు, కొందరు మెచ్చుకోలుగా కూడా చూశారు, తల్లే దగ్గరుండి పురెక్కిస్తోందని వాళ్ళ ఆనందం. అడ్డగోడ మీంచి మెడ సాచి నేనూ అక్కా చూస్తూనే ఉన్నాం. పెద్దమనిషి కూలాడు, జనం లేచారు, తలుపులు తెరుచుకున్నాయి. బావ కూడా అలవాటుగా లేవబోయాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని కిందికి గుంజింది. వెళ్ళేవాళ్ళ కాళ్ళు ఆమె మోకాళ్ళను రాసుకుంటూ పోతున్నా వదలలేదు. ఆ పాలిపోయిన తెర మీద పిల్ల వచ్చింది, చూసింది, అయిపోయింది. ఖాళీ బెంచీల మధ్య తల్లీ కొడుకూ ఇద్దరే మిగిలారు. అప్పుడు ఆమె అన్న మాట అడ్డగోడ ఇవతలికి కూడా వినబడింది.

"నీ నాయనను బండి మీద దెచ్చిన పొద్దు నువ్వు గూడ ఏడవలేదురా. మగపిలగాడంటే ఇట్లుండాల అని అందరూ మెచ్చుకున్నారు. నేనాపొద్దే అనుకున్న, వీడు గూడ నాకు దక్కడని."

బావ రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. అంత మనిషి ఏడుస్తుంటే గేటువాడు చీపురు పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయాడు.

అంతటితో అంతా చక్కబడిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు తెల్లవారుజామున పలక విరిగిన చప్పుడు విని అక్కా నేనూ లేచి కూర్చున్నాం. పై చేను పెద్దాయన సంతలో కనబడితే బావ దవడలు బిగుసుకుపోవడం చూశాను. చివరికి భూమి తెగనమ్మి, పలకల కొట్టం మూసి, అందరూ గిద్దలూరు చేరి చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నారు. మార్కాపురం దాన్ని క్షమించలేదు. పెళ్ళిళ్ళలో బావ పంక్తిలో కూర్చుంటే, గాజులు పంపిద్దామా అని వెనకనుంచి నవ్వేవాళ్ళు. ఆయన తల వంచుకుని తినేసి వచ్చేవాడు. నాకైతే ఆ విస్తరి తీసి వాళ్ళ ముఖాన కొట్టాలని ఉండేది. ఆ నవ్వు తట్టుకోవడానికి, ఇసుక బానలో వేళ్ళు పొడవడానికి పట్టినదానికంటే ఎక్కువ బలమే పట్టి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు ఆ టాకీసు లేదు, అక్కడ పెళ్ళిళ్ళ హాలు కట్టారు. సినిమా ఎవరిది వాళ్ళ అరచేతిలో చూసుకుంటున్నారు, ఎవరూ ఎవరి వైపూ తిరిగి చప్పట్లు కొట్టరు. మంచిదే అయింది అనుకుంటాను. కానీ పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుని, ఆగు, ఇంకా ఉంది, చూడు అనే మనిషి కూడా ఇప్పుడు ఎవరి పక్కనా ఉండటం లేదు గదా అని దిగులు పడతాను.

బావ పోయిన ఏడు, గిద్దలూరులో, కొన్నాళ్ళు జబ్బుతో తీసుకుని కన్నుమూశాడు. పరామర్శకు వచ్చిన వీధిలోని ఆడవాళ్ళు పాపం ఎంత కష్టం వచ్చిందమ్మా అని చేతులు పట్టుకుంటుంటే, అక్క ఏడుస్తూనే తల పైకెత్తి, ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది.

"మా ఆయన మంచంలో పోయినాడమ్మా. మా అత్త ఇంట్లో మంచంలో పోయిన మగోడు ఈయనొక్కడే."