ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు, నా తప్పు చెప్పించుకోవడానికి

"బాగుంది" అన్న మాట విని విని నాకు యాష్టకొచ్చింది. పన్నెండేండ్ల సంది మా గల్లీ భజనలో గిటార్ వాయిస్తున్న. మా ఆయన ఫోన్ చూసుకుంటనే "మంచిగున్నది" అంటడు. మా అవ్వ వంటింట్లో నుంచే "మస్తుగున్నది బిడ్డా" అంటది, కుక్కర్ విజిల్ కొట్టినా అదే మాట అంటదేమో అని నా అనుమానం. గురువారం భజనకు వచ్చినోళ్లు ప్రసాదం తిని, చేతులు తుడుచుకుంట "బాగుండె" అని పోతరు. సంగీతం తెలిసిన మనిషి ఒక్కరన్నా ఎదురుంగ కూసోని, చెవి పెట్టి విని, ఇక్కడ తప్పుతున్నవమ్మా అని చెప్పిన పాపాన పోలేదు. ఇన్నేండ్లుగ నేను వాయిస్తున్నది వాయించుడేనా, లేకపోతే ఉత్తగ తీగలు గోకుడా అన్నది నాకు తెల్వాలె. ఈ ప్రయాణం దానికోసమే.

కరీంనగర్‌లో ఒక సంగీత వాయిద్యాల దుకాణం ఆదివారం పూట గిటార్ క్లినిక్ పెడుతున్నదని ఫోన్‌లో చూసిన. తెలియనోళ్లకు చెప్తున్న, క్లినిక్ అంటే కచేరీ కాదు. పెద్ద కళాకారుడు మన ముందు కూసోని చెయ్యి ఎట్ల పెట్టాలె, తీగ ఎట్ల మీటాలె అని విప్పి చూపిస్తడు. మన వాయింపు విని రోగమేందో చెప్తడు. వచ్చేది హైదరాబాద్ నుంచి ఒక పేరున్న గిటారిస్టు. సినిమా పాటల్లో ఆయన వాయించింది మీరందరు వినే ఉంటరు. ముందుగ వచ్చి పేరు రాయించుకున్న పదిమందికి ఆయన ముందు వాయించే అవకాశం అని రాసి ఉన్నది. ఆ పదిమందిలో నేనుండాలె అని అప్పుడే ఖాయం చేసుకున్న. "క్లినిక్కా? ఎవరికి పానం బాగలేదు?" అన్నడు మా ఆయన. నాకే అని చెప్పి, జిన్నింగ్ మిల్లు ఆఫీసులో సెలవు అడిగిన. పత్తి సీజన్‌లో మాకు ఆదివారం గూడ డ్యూటీయే. మేనేజర్ మొఖం ముడిచిండు గని నేను ఎదురుంగ నిలబడే ఉన్న, సంతకం పెట్టేదాక.

మారుతి కాకా గురించి ముందే చెప్పాలె. మా గల్లీలో భజన మండలి ఆయనదే. మరాఠీ ఇంటి మనిషి, హార్మోనియం వాయించుకుంట అభంగాలు, అంటే మరాఠీ భక్తి పాటలు పాడుతడు. ఒకప్పుడు మా మిల్లులోనే మెషిన్ల కాడ పనిచేసిండు, ఆ దూది ధూళికి దగ్గు పట్టుకున్నది. మండలిలో ఏకతార వాయించే ముసలాయన పోయినంక, నా గిటార్ చూసి "తీగలున్నయ్ గదా, గదే తెచ్చి కొట్టు పోరీ" అని నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు. అప్పుడు నాకు వచ్చింది నాలుగు పట్లే, గదే కార్డ్స్ అంటరే, అవి గూడ చర్చిలో పాడే దోస్తు కాలేజీ రోజుల్లో నేర్పినవి. మిగిలినదంతా కాకా పక్కన కూసోని నేర్చుకున్నదే. కరీంనగర్ సంగతి చెప్పంగనే ఆయన కండ్లు మెరిసినయ్. "నన్ను గూడ తోలుకపోతవా?" అన్నడు. "అంత దూరం బస్సుల నీతోని కాదు కాకా, దగ్గుతోని పరేషాన్ అయితవ్" అన్న. మల్ల అడగలే.

పొద్దుగాల ఐదింటికి ఆదిలాబాద్ బస్టాండ్‌లో నిర్మల్ బస్సెక్కిన. నేరుగ కరీంనగర్ పోయే బస్సులు గూడ ఉంటయ్ గని వాటి టైం నాకు కుదరలే. ఆడోళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ పైసలు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఘాట్ దిగేసరికి తెల్లారింది. నిర్మల్‌లో ఒక ప్లేటు పోహా, చాయ్, కలిపి నలభై రూపాయలు. ఆడిదాక అంతా సాఫీగనే ఉన్నది. కరీంనగర్ బస్సు మాత్రం అర్ధగంట ఆలస్యంగ వచ్చింది, వచ్చేటప్పుడే నిండుకొని వచ్చింది. ఎట్లనో ఒక సీటు దొరకబట్టి, పక్కన గిటార్ నిలబెట్టిన. కండక్టర్ దాన్ని కిందికి మీదికి చూసిండు.

"అమ్మా, మీకు టికెట్ లేదు, సరే. గీ డబ్బకు గూడ సీటు ఫ్రీయేనా?"

"తీస్త అన్నా, జర పైలం. అది పగిలితే నేను పోయినా దండుగే."

"అయితే ఒళ్లె పెట్టుకోండ్రి, చంటిపిల్ల లెక్క."

ఒళ్లో పెట్టుకున్న. ఖానాపూర్ దాటి, గోదావరి దాటి, జగిత్యాల దాక కాళ్లు తిమ్మిరెక్కినయ్ గని కదలలే. ఊరు వచ్చినప్పుడల్ల గడియారం చూసుకున్న. పదకొండింటికి క్లినిక్ మొదలు. కరీంనగర్ బస్టాండ్‌లో దిగేసరికే పదకొండు దాటింది. టవర్ సర్కిల్ దిక్కు పోయే షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. ఆటో అన్న అద్దంలో గిటార్ చూసి, "పెండ్లిల పాడనీకి వచ్చిండ్రా అక్కా?" అని అడిగిండు.

"కాదన్నా. నా వాయింపుల తప్పులున్నయా అని ఒక పెద్దాయనతోని చెప్పించుకుందామని వచ్చిన."

"ఏడికెల్లి?"

"ఆదిలాబాద్ కెల్లి."

"తప్పులు చెప్పించుకోనీకి గంత దూరమా? మా ఇంటికి రాండ్రి, మా అమ్మ పుక్యానికి, పైస తీసుకోకుంట చెప్తది. నాకు రోజూ చెప్తది."

నవ్వొచ్చింది గని, దిగినంక ఉరికినట్టే నడిచిన. బట్టల షాపు పైన రెండో అంతస్తులో ఉన్నది దుకాణం. మెట్ల కాడికే తీగల చప్పుడు వినబడుతున్నది. తలుపు కాడ దుకాణం యజమాని యూసుఫ్ భాయ్ కుర్చీ వేసుకొని కూసున్నడు. ఎంట్రీ రెండు వందలు కట్టిన. వాయించేటోళ్ల పేర్లల్లో నాది గూడ రాయమన్న.

"దస్ నామ్, పదికి పది, పొద్దుగాలనే అయిపోయినయ్ అక్కా. వినుండ్రి, ఆరాంగ కూసోండ్రి."

"భాయ్, నేను వినడానికి రాలే. వినిపించడానికి వచ్చిన."

"జర సమజ్ చేసుకోండ్రి. ఆయనకు మూడింటికి హైదరాబాద్ పోవాలె. నా చేతిల లేదు. చాయ్ తాగుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి."

చాయ్ తాగలే. లోపలికి పోయి, కుర్చీలన్నీ నిండి ఉంటే, అందరికంటే ముందుగ కార్పెట్ మీద బాసిపట్టు వేసుకొని కూసున్న. కవర్ విప్పి గిటార్ ఒళ్లో పెట్టుకున్న. చూసినోళ్లు చూసిండ్రు. సిగ్గు పడితే ఇంతదూరం వచ్చి లాభమేంది?

క్లినిక్ గురించి నిజం చెప్పాలంటే, నేను పెద్ద పెద్ద విద్యలు చూపిస్తడనుకున్న. ఆయన చాలాసేపు ఒక్క తీగనే మీటుకుంట కూసున్నడు. మెత్తగ మీటితే ఎట్లుంటది, గోరుతోని ఎట్లుంటది, మీటినంక చప్పుడును ఎంతసేపు బతకనియ్యాలె, ఎప్పుడు చెయ్యి పెట్టి ఆపాలె. గంతే. పక్కన పోరగాండ్లు కొందరు ఆవలించిండ్రు. నేను మాత్రం అన్నం ముద్ద దొరికినట్టు విన్న. తరువాత పదిమంది వాయించిండ్రు. ఆయన ఎవరినీ తిట్టలే, ఎవరికీ "బాగుంది" అని గూడ చెప్పలే. ఒకరికి బొటనవేలు, ఒకరికి తొందర, ఒకరికి భుజం బిగబట్టుడు. తలా ఒక తప్పు పంచిపెట్టిండు, నాకు కడుపుల కుళ్లు పుట్టింది.

పదో మనిషి లేచినంక యూసుఫ్ భాయ్ మైక్ అందుకొని ధన్యవాదాలు మొదలుపెట్టిండు. నేను చెయ్యెత్తిన. ఆయన చూడనట్టు చేసిండు. లేచి నిలబడిన. అప్పుడు గిటారిస్టే నా దిక్కు తిరిగిండు.

"మీరు వచ్చినప్పటినుంచీ గిటార్ బయటికి తీసి పెట్టుకున్నారు. పేరు ఇవ్వలేదా అండి?"

"బస్సు ఆలస్యమైంది సార్. ఆదిలాబాద్ నుంచి వచ్చిన. నాకు చప్పట్లు వద్దు, బాగుందని చెప్పకుండ్రి. నా తప్పేందో చెప్తే పోత."

హాల్లో కొందరు నవ్విండ్రు. ఆయన నవ్వలే. గడియారం చూసుకొని, కుర్చీ జరుపుకొని, "రండి" అన్నడు.

కాకాతోని ప్రతి గురువారం వాయించే అభంగమే వాయించిన. ఆయన కండ్లు మూసుకొని విన్నడు. అయిపోయినంక కండ్లు తెరిచిండు. మల్ల ఒకసారి వాయించమన్నడు. ఈసారి కాలుతోని నేలమీద తాళం వేసుకుంట విన్నడు.

"కుడిచెయ్యి శుభ్రంగా ఉంది. పట్లు కూడా తప్పులేదు. కానీ ప్రతి లైను చివరా ఆగుతున్నారు. చిన్న ఆగడమే, కానీ ప్రతిసారీ ఉంది. ఎవరికోసం ఆగుతున్నారు?"

ఆగుతున్ననని నాకే తెల్వదు. అడగంగనే మాత్రం జవాబు నోట్లో రెడీగ ఉన్నది. "మా మారుతి కాకా కోసం సార్. హార్మోనియం వాయించుకుంట పాడుతడు. దగ్గు మనిషి. లైన్ అయినంక ఊపిరి తీసుకోవాలె గదా."

"ఆయన ఇక్కడ లేరు కదండీ."

"లేడు సార్."

"లేని మనిషికోసం ఆగితే అది తప్పే. నెలరోజులు ఫోన్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని, ఆ టిక్కుతో పాటు వాయించండి. ఇక ఆయన ఉన్నప్పుడు ఆగాలో వద్దో నేను చెప్పలేను. ఆయన్నే అడగండి. ఎప్పుడైనా అడిగారా?"

అడగలే. పన్నెండేండ్లల్లో ఒక్కసారి గూడ అడగలే. ఆయనకు దండం పెట్టి బయటికొచ్చిన. మెట్ల మీద కండ్లల్లో నీళ్లు తిరిగినయ్, బాధతోని కాదు. ఒకరు నా వాయింపును నిజంగ విన్నరు. తప్పు దొరికిందంటే, మిగిలినదంతా వాయించుడే అన్నట్టు గదా.

బస్టాండ్ దగ్గర మెస్సులో అన్నం తిన్న, నూరు రూపాయలకు పప్పు, పచ్చిపులుసు, కూర. వడ్డించే అమ్మ గిటార్ చూసి, "పాటలు పాడితే పైసలిస్తరా బిడ్డా?" అని అడిగింది. "ఇయ్యరమ్మా, నేనే ఇచ్చి వస్తున్న" అన్న. ఆమె ఇంకో గరిటె పచ్చిపులుసు పోసింది. మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. కిటికీ పక్కన సీటు దొరికింది గని మనసు కుదురుగ లేదు. మెట్రోనోమ్ సంగతి సులువు, మొండిదాన్ని, నేర్చుకుంట. కాకాను ఎట్ల అడగాలె? నీ ఊపిరి వల్ల నా తాళం చెడింది అని ఆ పెద్దమనిషి మొఖం మీద అంటనా? నన్ను పక్కన కూసోబెట్టుకున్న మనిషి ఆయన. అయినా అడగాల్సిందే అని నిర్మల్ వచ్చేసరికి గట్టిగ అనుకున్న.

గురువారం అందరికంటే ముందు కాకా ఇంటికి పోయిన. హార్మోనియం గుడ్డతోని తుడుస్తున్నడు.

"అగ పోరీ, కాయ్ ఝాలం, ఏమైంది? ఏమన్నడు నీ పెద్దసారు?"

"లైన్ చివర ఆగుతున్ననట కాకా. నువ్వు ఊపిరి తీసుకుంటవని ఆగుతున్న. నీకు గా ఆగుడు కావాల్నా? కావాలంటే చెప్పు, ఆగుత. నాకేం ఇబ్బంది లేదు."

కాకా గుడ్డ పక్కన పెట్టి నా దిక్కు చూసిండు. "నా ఊపిరికేమైంది? పాట కాడ నాకు దగ్గు ఎప్పుడన్న వచ్చిందా, చెప్పు?"

ఆలోచిస్తే, రాలే. మెట్ల కాడ దగ్గుతడు, చలికి దగ్గుతడు. హార్మోనియం ముందు కూసున్నంక ఒక్కసారి గూడ దగ్గిన యాది లేదు.

"కొత్తల నువ్వు ఒక పట్టు కెల్లి ఇంకో పట్టుకు మారనీకి తండ్లాడుతుంటివి. పోరి పరేషాన్ అయితుందని లైన్ చివర నేనే జర ఆగుడు పెట్టిన. నువ్వేమో ఇంక ఆగుతనే ఉంటివి. పట్టు మార్చుడు నీకు ఇంక రాలేదేమో, ఎందుకు నొప్పించాలె అని నేను గూడ ఆగుతనే ఉన్న."

నేను గిటార్ కవర్ విప్పిన. తరువాత ఆయన హార్మోనియం దగ్గరికి జరుపుకొని, "ఇయాల ఆగకు" అన్నడు. ఆగలే. భజన మొదలైనంక తాళాలు కొట్టేటోళ్లు రెండు లైన్లు తడబడి, మూడో లైన్‌లో అందుకున్నరు. పాట ఎప్పటికంటే ముందే అయిపోయింది. కాకా గొంతు ఎక్కడా తెగలే, నా చెయ్యి ఎక్కడా తప్పలే. "పన్నెండేండ్లల్ల ఇంకెన్ని పాటలు ఎక్కువ పాడుతుంటిమో" అన్నడు కాకా నవ్వుకుంట. ఆ రోజు ప్రసాదం తినుకుంట ఒకామె "బాగుండె" అన్నది. ఈసారి నాకు యాష్ట రాలే.

తప్పు చెప్పే మనిషి కోసం ఇన్ని ఊర్లు దాటి పోయిన. పోయినందుకు రవ్వంత బాధ లేదు, మల్ల క్లినిక్ పెడితే మల్ల పోత, ముందురోజే పోయి పేరు రాయిస్త. గని ప్రేమ గల్లోళ్లు తప్పు చెప్పరు, సర్దుకుంటరు. మనం గూడ వాళ్ల కోసం సర్దుకుంటం. నోరు తెరిచి ఒక్కమాట అడిగితే తేలిపోయేదాన్ని ఏండ్లకేండ్లు మోస్తం. కాకా ఆగుడు నా మీది ప్రేమ, నా ఆగుడు ఆయన మీది ప్రేమ, నడుమల తాళం పాడైంది.

ఇట్లాంటి క్లినిక్‌కు పోవాలనుకునేటోళ్లకు ఒకటే సలహా. మీతో కలిసి వాయించే మనిషిని గూడ వెంట తోలుకపోండి, బస్సుల ఇబ్బంది అయినా సరే. నేను కాకాను వద్దన్న. ఆయన ఆ హాల్లో నా పక్కన ఉండి ఉంటే, "ఎవరికోసం ఆగుతున్నారు" అని గిటారిస్టు అడిగినప్పుడు ఇద్దరం ఒకరినొకరం వేలు పెట్టి చూపించుకునేటోళ్లం.