కత్తికి పూసిన మందారం

మా మేనత్త పళ్లను ఊరివాళ్లు రాలగొట్టిన రోజున నేను బీచుపల్లి గుడి దగ్గర మూడు డబ్బాల ఆట ఆడిస్తున్నాను. బోర్లించిన డబ్బాల్లో గోలీ దేని కింద ఉందో చెప్పాలి. అది ఏ డబ్బా కిందా ఉండదు, నా వేళ్ల మధ్య ఉంటుంది. గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా ఏ సంతలో చూసినా, ఏ జాతరలో చూసినా నా పని ఇదే.

ఫోన్ వచ్చింది. నేను వనపర్తి దవాఖానకు చేరేసరికి అత్త ముఖం గుర్తుపట్టేలా లేదు. పై పెదవి రెండుగా చీలింది. ముందు పళ్లను రాయితో కొట్టారు, విరగనివాటిని పట్టకారుతో పీకారు. పళ్లు లేని నోట మంత్రం పలకదని, బాణామతి పారదని ఇంకా నమ్మేవాళ్లున్నారు.

వీపనగండ్ల అవతల అత్త ఉండే ఆ ఊరి పేరు రాయను. అక్కడ వరసగా బర్రెలు చచ్చాయి. మంత్రగాణ్ణి పిలిపించారు. వాడు ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో నిమ్మకాయ కోశాడు. మా అత్త పేరు మీద కోసిన కాయ నెత్తురు కారింది. వాడి బూడిదతో బర్రె బతకదు, డాక్టర్‌ను పిలవండని అంతకుముందే ఆమె అందరి ముందూ అన్నదట. మొగుడు పోయిన ఆడది, పిల్లలు లేరు, పైగా నోరు పెద్దది. వాడికి ఇంకేం కావాలి?

నిమ్మకాయ సంగతి వినగానే నాకు తెలిసిపోయింది. కత్తికి మందార పువ్వు రుద్ది ఆరబెడితే ఎవరి కంటా పడదు. దానికి నిమ్మరసం తగిలితే ఎర్రగా కారుతుంది. మాలాంటివాళ్లకు ఇది అ ఆలతో సమానం. అలాంటివాడి సంచిలో రెండు కత్తులుంటాయి, ఒకటి శుభ్రమైనది, ఇంకొకటి పువ్వు పూసినది.

"నేనేం చెయ్యలేదని ఆ ఊర్లె ఒక్కరన్న అంటె సాలు బిడ్డా" అంది అత్త, దూది నిండిన నోటితో. ఆమె అడిగింది అంతే.

అత్తను ధరూర్ దగ్గర మా ఇంటికి తెచ్చుకున్నాను. రొట్టె నమలలేక జొన్న గట్క తాగేది. ఆమె గుటక వేసినప్పుడల్లా నా ఒళ్లు మండేది. ఆమె అడిగింది నాకు చాలలేదు. నాకు వాడి నెత్తురు కావాలి.

మరుసటి ఏడు ఆ ఊళ్లో మళ్లీ పశువులకు రోగం తగిలింది. అదే మంత్రగాడు వస్తున్నాడని తెలిసి ఒక రోజు ముందే వెళ్లాను. మా అత్త చేసిన పనికి తలెత్తుకోలేకపోతున్నానని, ఆ మంత్రగాడికి సేవ చేసి పాపం కడుక్కుంటానని ఇంటింటికీ తిరిగి చెప్పాను. కావాలనుకున్నప్పుడు కళ్లల్లో నీళ్లు తెచ్చుకోవడం నాకు చిన్నప్పుడే పట్టుబడిన విద్య. అందరూ నమ్మారు, వాడూ నమ్మాడు. వాడు బోరు దగ్గర స్నానం చేస్తుంటే సంచి నా చేతిలోనే ఉంది. శుభ్రమైన కత్తికి రెండు వైపులా మందారం రుద్ది, ఎండలో ఆరబెట్టి, మళ్లీ దాని చోట పెట్టాను.

వాడికో అలవాటుంది. తనలో మచ్చ లేదని చూపడానికి మొదటి కాయ తన పేరు మీదే, శుభ్రమైన కత్తితో కోసేవాడు. ఆ మధ్యాహ్నం బడి ముందు ఊరంతా చూస్తుండగా తన పేరు గట్టిగా చెప్పి కోశాడు. ఎరుపు మణికట్టు దాకా కారింది.

వాడు కత్తి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. వాడికి అర్థమైంది. కానీ ఏమని చెబుతాడు? పువ్వు అంటే ఇన్నేళ్ల మోసం తన నోటితోనే ఒప్పుకోవాలి. వాడు తేల్చుకునేలోపే ఎవరిదో పార కామ కర్ర వాడి చెవి మీద పడింది. కింద పడినవాణ్ణి కాళ్లతో, కట్టెలతో, ట్రాక్టర్ గొలుసుతో కొట్టారు. మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. అబద్ధమెందుకు, నాకు చాలా సంతోషమేసింది.

అత్త పళ్లు పీకినవాడే మళ్లీ పట్టకారు తెచ్చాడు. "మీ అత్తకు బాణామతి నేర్పింది గూడ గీడే అన్నట్టు. ఇగ నువ్వే పీకు" అని నా చేతిలో పెట్టాడు.

ఇద్దరు వాడి తల నేలకు అదిమి పట్టారు. పన్ను తేలిగ్గా రాలేదు. రెండుసార్లు మెలితిప్పితే చిగురు చీల్చుకుని వచ్చింది. విరగని చేత్తో వాడు నా కాలు పట్టుకున్నాడు. "పువ్వని చెప్పు... పువ్వని చెప్పురా" అని గొణిగాడు. ఆ మాట నాకొక్కడికే వినబడింది. చెప్పకుండా ఇంకో పన్ను పీకాను.

వాడు చావలేదని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి అత్తకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. సంబరపడుతుందనుకున్నాను. పువ్వు సంగతి ఊరివాళ్లకు చెప్పావా అని అడిగింది. చెబితే నన్ను బతకనిచ్చేవాళ్లు కాదన్నాను. పట్టకారు ఇస్తూ ఆ మనిషి అన్న మాట కూడా చెప్పాను, నవ్వుతూనే. ఆమె నవ్వలేదు.

"గాడు మోసగాడని తేలితె నా మీద మచ్చ పోతుండె బిడ్డా" అంది. "గిప్పుడు గాడు నిజంగనే మంత్రగాడయ్యిండు. నేను గూడ అయిన."

నిమ్మకాయ అబద్ధం చెప్పదని ఆ ఊరికి రుజువు చేసి వచ్చింది నేనే. అత్తకు కావలసిన ఒక్క మాట నా నోట్లోనే ఉండింది. కాలు పట్టుకుని వాడు అడిగింది కూడా ఆ మాటే. నేను దాన్ని మింగేసి పళ్లు పీకి వచ్చాను.

వెళ్లి, అందరి ముందూ కత్తికి పువ్వు రుద్ది, కాయ కోసి చూపించాలని రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ వీపనగండ్లలో ఆటో దిగి, టీ తాగి, వెనక్కి వచ్చాను. నా పళ్లు పీకుతారని భయం. అత్త ఇంకా బతికే ఉంది, నేనింకా వెళ్లలేదు.